గేమోవరుడు

ఆ రోజు మార్చి పద్దెనిమిది, శనివారం. తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, ఒకటిన్నర ఉడికించిన గుడ్డు.

రాజుల యుద్ధాలకి చరిత్ర పుస్తకాల్లో తేదీలుంటాయి గానీ, యుద్ధానికి ముందు వాళ్లేం తిన్నారో ఎవరూ రాయలేదు. ఆ లోటు కెప్టెన్ తీర్చాడు. ఇంటికి ఎవరొచ్చినా, గ్యాస్ బండ ఇచ్చి వెళ్లేవాడైనా సరే, ఒక్క నిమిషం తీరిగ్గా నిలబడితే చాలు, ఈ రెండు వాక్యాలతో మొదలుపెట్టేవాడు.

"ఒకటిన్నరేమిటండీ? మిగతా సగం గుడ్డేమైంది?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

"అది అప్రస్తుతం," అనేవాడు కెప్టెన్.

వంటింట్లోంచి అతని భార్య చిన్నగా దగ్గేది.

ఆ మార్చి పద్దెనిమిదికి అతనికి పదేళ్లు. బాబాయి ఎక్కణ్ణుంచో ఒక నల్ల డబ్బా తెచ్చాడు. దాన్ని టీవీకి తగిలిస్తే తెర మీద ఆకాశం వచ్చేది. చేతిలోకి ఒక కర్ర, కర్ర మీద ఒక ఎర్ర మీట. ఆట పేరు అట్టపెట్టె మీద ఇంగ్లీషులో బారెడుండేది. అతనూ, తమ్ముడూ, వీధి పిల్లలూ దాన్ని ‘గస్తీ ఆట’ అనేవారు. మన నౌక ఈకలు పీకిన కోడిలా ఉండేది. శత్రు నౌకలు పళ్లూడిన దువ్వెనల్లా ఉండేవి. మొత్తం తొమ్మిది గ్రహాలు. ఈ కాలం పిల్లలకి చూపిస్తే, "బొమ్మ ఎప్పుడొస్తుంది?" అని అడుగుతారు. ఆ కాలంలో మాత్రం ఆ దువ్వెనలు మీదికొస్తుంటే నిజంగానే చెమటలు పట్టేవి.

దువ్వెనలకొక రాజున్నాడు. మన ఆఖరి నౌక పేలిపోగానే తెర నల్లబడి, బూర మోగి, రాజుగారి పేరు ఎర్రటి అక్షరాల్లో ప్రత్యక్షమయ్యేది. ఆ వీధిలో ఎవరికీ ఇంగ్లీషు రాదు. పక్కింటి పెద్దపిల్లకి మాత్రం అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. ఆ పిల్ల కళ్లు చికిలించి చదివింది: "గే... మో... వర్."

అంత క్రూరుడైన రాజుని ‘డు’ లేకుండా పిలవడం బాగుండదని పిల్లలంతా కలిసి గేమోవరుడన్నారు. మొదటి గ్రహంలో చచ్చినా వాడొచ్చేవాడు. అయిదో గ్రహంలో చచ్చినా వాడే వచ్చేవాడు. వాడికి ఊరంతా ఒకటే.

మార్చి పద్దెనిమిదిన మాత్రం రాలేదు.

"నన్ను చూసి పారిపోయాడు," అని ముగించేవాడు కెప్టెన్. ‘కెప్టెన్’ అన్న బిరుదు ఆ సాయంత్రమే తనకి తాను ఇచ్చుకున్నాడు. ముప్ఫై ఆరేళ్లయినా ఎవరూ వెనక్కి తీసుకోలేదు కాబట్టి అలా ఉండిపోయింది.

కడుపు నింపుకోవడానికి మాత్రం కెప్టెన్ నౌకలు నడపడు, పళ్లు నాటుతాడు. డాక్టర్లు కొలతలు పంపిస్తే ఇంట్లోనే ముందుగదిలో కూర్చుని, గులాబీరంగు ముద్దతో చిగుళ్లు చేసి, వాటిలో కట్టుడు పళ్లు వరసగా పొదుగుతాడు. గుమ్మం పక్కన ‘ఇచ్చట పళ్ల సెట్లు చేయబడును’ అని బోర్డుండేది. ఎండకి ‘పళ్ల’ ఒక్కటీ మిగిలి తక్కినవి వెలిసిపోయాయి. అప్పట్నుంచి సంచులతో వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు.

"ఏం పళ్లున్నాయండీ?"

"దవడ పళ్లున్నాయి."

"తియ్యగా ఉంటాయా?"

భార్య బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరింది, ఎన్నింటికి చేరింది అన్నది ఆవిడ పుస్తకంలో పడితీరాలి. ఆ అలవాటు డిపోలో వదిలేసి రమ్మని ఆవిడకెవరూ చెప్పలేదు.

"ఎనిమిది పన్నెండుకి పాల ప్యాకెట్టుకని బయల్దేరారు. తొమ్మిది నలభై ఒకటికి చేరారు. మధ్యలో ఎక్కడాగింది బండి?"

ఇలాంటి ఇంట్లో రహస్యం దాచడం, జల్లెడలో నీళ్లు దాచడం ఒకటే. అయినా కెప్టెన్ పూనుకున్నాడు.

ఇంట్లో మూడో మనిషి అత్తగారు. ముప్ఫై నాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఎదురుగా గోడంత బోర్డు, బోర్డు నిండా కన్నాలు. ఏ కన్నం దగ్గర దీపం వెలిగితే అక్కడ తీగ గుచ్చి, "నంబరు చెప్పండి," అనాలి. ఆ గొంతుకి ఊళ్లో ఒక మర్యాదుండేది. రిటైరయ్యాక దీపాలు లేవు, తీగలు లేవు. వేళ్లు బిగుసుకుపోవడం మొదలైంది. వేళ్లకి పని చెప్పమని డాక్టరొక రబ్బరు బంతి ఇచ్చాడు. ఆవిడ దాన్ని రెండ్రోజులు పిసికి, "ఇది మాట్లాడదు, వెలగదు," అని విసుక్కుని, కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టింది.

ఆ బిగుసుకున్న వేళ్లలోంచే ఒక ఆదివారం కట్టుడు పళ్లు జారి, సింకులో పడి రెండు ముక్కలయ్యాయి.

పై ఆదివారం పాత ఆపరేటర్ల సమావేశం. ఊళ్లూళ్ల నుంచి నలభై మంది వస్తున్నారు. అందరిలోకీ సీనియరని అత్తగార్ని మాట్లాడమన్నారు. ముప్ఫై నాలుగేళ్లు తీగల్లో మాట్లాడుకున్నవాళ్లే గానీ, వాళ్లలో సగం మంది ఆవిడ మొహం ఎప్పుడూ చూడలేదు. వాళ్లకి ఆవిడంటే గొంతే. పళ్లు పోయాక ఆ గొంతులో ‘స’, ‘చ’ రెండూ వెళ్లి ‘ఫ’లో కలిసిపోయాయి.

"ఆదివారానికి నా పళ్లు కావాలి, అల్లుడుగారూ," అంది అత్తగారు సోమవారం పొద్దున్నే. "‘నంబరు ఫెప్పండి’ అంటే అక్కడ నన్నెవరు గుర్తుపడతారు?"

"శుక్రవారానికల్లా ఇచ్చేస్తాను, అత్తయ్యగారూ. ఇది కెప్టెన్ మాట."

"ఏ మాట?" అంది భార్య. "స్నానాలగది కొళాయికిచ్చిన మాట లాంటిదేనా?"

కొళాయి ఏడు నెలలుగా కారుతోంది. దాని కింద పెట్టిన బకెట్టుకి పాచి కూడా పట్టింది. కెప్టెన్ ఆ మాట వినబడనట్టు అత్తగారి దవడ కొలతలు తీసుకుని, పళ్ల రంగులు చూపించాడు.

"మరీ తెల్లగా వద్దు," అంది ఆవిడ. "నా వయఫుకి తగ్గట్టు... కొంఫెం పఫుపు."

పసుపు పళ్ల పెట్టె ఒక్కటే ఉంది. అందులోంచి లెక్కపెట్టి తీసి విడిగా గిన్నెలో పెట్టాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

ఆ మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరుతూ భార్య చెప్పులేసుకుంటూ అంది: "అటక సర్దాను. మీ ఆట డబ్బా ముందుకొచ్చింది. శనివారం చెత్తబండిలో వేసేస్తా. ఈలోగా దాని జోలికి మాత్రం వెళ్లకండి. ముందు అమ్మ పళ్లు."

"ఛ! నాకేం పని దాంతో? నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

"అవుననే నా అనుమానం," అని ఆవిడ వెళ్లిపోయింది.

ఆవిడ పన్నెండు ముప్ఫైకి బయల్దేరింది. పన్నెండు ముప్ఫై ఒకటికి కెప్టెన్ స్టూలెక్కాడు.

డబ్బా బాగానే ఉంది. కర్ర తల విరిగిపోయింది, ఎర్ర మీట ఎప్పుడో రాలిపోయింది. ఒక్క క్షణం దిగులేసింది. తరవాత గుర్తొచ్చింది, తను చేసే పనే అది: విరిగిన చోట తల, రాలిన చోట పన్ను. గులాబీ ముద్ద కలిపి, కర్రకి గుండ్రంగా తల చేశాడు. మీట ఉండే చోట సరిగ్గా సరిపోయేది ఏదని వెతికితే, గిన్నెలో అత్తగారి దవడ పన్నొకటి మిలమిల్లాడింది. అద్దినట్టు కూర్చుంది. పూర్తయ్యాక చూస్తే ఆ కర్ర ఒంటిపన్నుతో నవ్వుతున్నట్టుంది.

ఏడు నెలల్లో కొళాయికి ఒక వాషరు వెయ్యలేనివాడు ఆరు గంటల్లో అంతరిక్ష నౌకని బాగుచేశాడు. ఇక కావల్సింది టీవీ. హాల్లో ఉన్న పెద్ద టీవీకి ఈ డబ్బా తగల్దు. తగిలే పాత టీవీ అత్తగారి గదిలో ఉంది.

"అత్తయ్యగారూ, మీ టీవీలో బొమ్మ కొంచెం పచ్చబడినట్టుంది. రిపేరు చేసిస్తాను."

"నాకు బాగానే కనబడుతోందే?"

"అదే దాని జబ్బు. మొదట్లో బాగానే కనబడుతుంది."

ఆవిడ ఒక నిమిషం అల్లుడి మొహం చూసి, "ఫరే," అంది.

టీవీ ముందుగదిలోకి వెళ్లింది. తలుపు మీదికి కాయితం ఎక్కింది: ‘పళ్లు ఆరుచున్నవి. గాలి తగలరాదు. తలుపు తీయరాదు.’

తొమ్మిదింపావుకి డ్యూటీ నుంచి వచ్చిన భార్య దాని ముందు నిలబడి రెండుసార్లు చదివింది.

"గాలి తగిలితే ఏమవుతుంది?"

"పళ్లు వంకర తిరుగుతాయి."

"మీరు రోజూ నోరు తెరుచుకునే నిద్రపోతారుగా, మీవి తిరగలేదే?"

"అవి సొంతవి."

ఆవిడ ఇంకేమీ అనలేదు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆవిడ మాట అక్కడితో ఆగడం అదే మొదటిసారి. వేరెవడైనా అయితే అనుమానపడేవాడు. కెప్టెన్ తన తెలివికి మురిసిపోయాడు.

ఆ నల్ల డబ్బాకి ఒక గుణముంది. ఎక్కువ మార్కులు తెచ్చుకున్న పదిమంది పేర్లూ వరసగా చూపిస్తుంది. పేరంటే మూడక్షరాలే. మీట నొక్కి అక్షరాలు మార్చుకోవాలి. కెప్టెన్ తన స్కోరు పక్కన సి, ఏ, పి అని పెట్టుకున్నాడు. ఎనిమిది వేల నాలుగొందలు. డబ్బా ఆపితే ఆ జాబితా చెరిగిపోతుంది. అందుకని దాన్ని ఆపకుండా, తెర మీద తువ్వాలు కప్పి వదిలేశాడు. డాక్టర్ల ఇళ్లకి పళ్లు పంచే పనుండబట్టి రోజూ పొద్దున్న పదింటికి వెళ్లి పన్నెండింటికి తిరిగొస్తాడు. భార్య వెళ్లిపోయాక, పన్నెండున్నర నుంచి తొమ్మిది దాకా ఆకాశం అతనిది.

మంగళవారం భార్య డ్యూటీకి వెళ్లాక తువ్వాలు తీస్తే, జాబితాలో అందరికంటే పైన పదకొండు వేలుంది. పక్కన పేరు: ఏ, ఏ, ఏ.

కెప్టెన్ దాన్ని ‘ఆఆఆ’ అని చదువుకున్నాడు. పాతికేళ్లుగా డాక్టర్ల దగ్గర తెరిచిన నోళ్లలోంచి వింటున్న అక్షరం అదే. ముసలి డబ్బా, వేడెక్కి అరుస్తోంది కాబోలు అనుకున్నాడు. అయినా తన డబ్బా తన కంటే పైనుండటం రోషమనిపించి, కూర్చుని పన్నెండు వేలు చేశాడు.

బుధవారం ఆఆఆ పంతొమ్మిది వేలు.

"బొటనవేలికేమైంది? అలా ఉబ్బింది?" అంది భార్య భోజనం దగ్గర.

"చిగుళ్లు నొక్కీ నొక్కీ."

"పాపం. అమ్మా, చూశావా, నీ పళ్ల కోసం ఆయన వేలరిగిపోతోంది."

"ఫూశాను," అంది అత్తగారు, చల్లారిన గంజి తాగుతూ. ఆవిడ చాలా హుషారుగా ఉంది. టీవీ లేకపోయినా, పళ్లు లేకపోయినా మనిషింత హుషారుగా ఎలా ఉంటుందో కెప్టెన్‌కి అర్థం కాలేదు. గ్లాసుని వేళ్లతో టకటకమని వాయిస్తోంది కూడా.

గురువారం ఆఆఆ ముప్ఫై ఒక్క వేలు. ఏడో గ్రహం దాటితే గానీ అన్ని రావు. కెప్టెన్ చిన్నప్పుడు కూడా ఆరు దాటలేదు. ఆ సంగతి మార్చి పద్దెనిమిది కథలో రాదు.

అప్పటికి అత్తగారి సెట్టులో తయారైంది ఒక్క పై చిగురు. దానికి నాలుగు పళ్లు.

"రేపు శుక్రవారం," అని గుర్తుచేసింది భార్య.

"సాయంత్రానికి," అన్నాడు కెప్టెన్. అన్నాడే గానీ ఆ రాత్రి అతన్ని తినేసింది పళ్లు కాదు, ఆ మూడక్షరాలు. డబ్బా దానంతటదే ఆడుకోదు. అయితే ఎవరు? తను బయటికెళ్లే రెండు గంటల్లోనే ఏదో జరుగుతోంది.

శుక్రవారం పదింటికి సంచీ భుజానేసుకుని, గేటు గట్టిగా చప్పుడు చేసి బయల్దేరాడు. వీధి చివర ఇస్త్రీ బండి చాటున ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. ఇస్త్రీవాడు రెండుసార్లు అడిగాడు, చొక్కా ఇస్తారా అని. మూడోసారి అడగబోతుంటే కెప్టెన్ పెరటి గోడ పక్కనుంచి ఇంట్లోకి దూరాడు. ముందుగది తలుపుకి చెవి ఆనించాడు.

"నంబరు ఫెప్పండి," అంటోంది అత్తగారి గొంతు. ఢాం. "లైను కలుపుతున్నా." ఢాం. "మీ టైమయిపోయింది." ఢాం, ఢాం. "ఎవరండీ అది మధ్యలో మాట్లాడేది? పెట్టెయ్యండి!" ఢాం.

ఆ వెనకే భార్య గొంతు: "ఎనిమిదో గ్రహం. చేరిన సమయం పది ఇరవై మూడు. బయల్దేరింది, పది ఇరవై ఆరు. అమ్మా, రెండు నిమిషాలు ముందే నడుస్తున్నావు."

కెప్టెన్ ఛాతీ విరుచుకుని తలుపు తోశాడు.

అత్తగారు అతని కుర్చీలో, కళ్లద్దాలు ముక్కు చివరికి దింపుకుని కూర్చునుంది. వేళ్లు కర్ర మీద నాట్యం చేస్తున్నాయి. వెలిగిన చోటికల్లా చెయ్యి వెళ్లిపోతోంది. ముప్ఫై నాలుగేళ్లు ఆ చెయ్యి అదే చేసింది. పక్కన స్టూలు మీద భార్య. ఒళ్లో డిపో పుస్తకం, చెవి మీద పెన్సిలు.

"దొరికారు!" అన్నాడు కెప్టెన్.

"మేమా?" అంది భార్య. "పళ్లు ఆరుతున్న గదిలో టీవీ దొరికింది, అటక మీది డబ్బా దొరికింది, అమ్మ సెట్టు మాత్రం దొరకలేదు. ఇంతకీ ఎవరు దొరికినట్టు?"

"అది కాదు... ఆ కాయితం... గాలి తగిలితే..."

"తగిలింది. నాలుగు రోజులుగా తగుల్తోంది. ఒక్క పన్నూ వంకర తిరగలేదు. తిరగడానికి అక్కడేవన్నా ఉంటేగా?"

"అల్లుడుగారూ," అంది అత్తగారు వెనక్కి తిరక్కుండానే, "లైన్లో ఉన్నాను. కాఫ్త ఆగండి."

కెప్టెన్ తెర వైపు చూశాడు. చూసినవాడు చూసినట్టే ఉండిపోయాడు. ఊదారంగు ఆకాశం. ఇద్దరు చంద్రులు. తొమ్మిదో గ్రహం. అట్టపెట్టె మీద బొమ్మలో తప్ప ఎక్కడా చూడని గ్రహం. పదేళ్లప్పుడు ఆ అట్టపెట్టె తల కింద పెట్టుకుని పడుకునేవాడు. తప్పు చేసి పట్టుబడిన సంగతి మరిచిపోయి, అత్తగారి కుర్చీ పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"ఎడమ పక్క, అత్తయ్యగారూ! దువ్వెన! దువ్వెన!"

"ఫూశా."

"కుడివైపు రెండు! అదిగో కోట! ఇహ వాడొస్తాడు, జాగ్రత్త, వాడొస్తాడు..."

"ఎవరు బాబూ?"

"గేమోవరుడు!"

ఆవిడ మీట గట్టిగా నొక్కింది. ‘టప్’ మంది. మీట ఎగిరి, గోడకి తగిలి, దొర్లుకుంటూ వచ్చి భార్య పాదం దగ్గర ఆగింది. మీట లేని నౌక రెండు క్షణాలు నిస్సహాయంగా నిలబడి పేలిపోయింది. అదే ఆఖరి నౌక. తెర నల్లబడింది. బూర మోగింది.

భార్య వంగి, నేల మీద ఉన్నది తీసి అరచేతిలో పెట్టుకుని వెలుతురులో చూసింది. తల్లికి చూపించింది.

"కొంఫెం పఫుపు," అంది అత్తగారు నెమ్మదిగా. "నా పన్ను."

ముప్ఫై ఆరేళ్లుగా కెప్టెన్ అంతరిక్షంలో చాలా విపత్తులు ఊహించాడు. అత్తగారు తన సొంత దవడ పన్నుతో శత్రువుల్ని కాలుస్తూ, ఆ పన్నుని గుర్తుపడుతుందని మాత్రం ఊహించలేదు.

"పెట్టేద్దామనే... ఆఖర్న..." అన్నాడు.

ఆవిడ అప్పటికే తెర వైపు తిరిగింది. ఎర్రటి అక్షరాలు నిలబడి ఉన్నాయి. ఎన్నో ఏళ్లు పేర్లనీ నంబర్లనీ తప్పు లేకుండా చదివిన మనిషి. ఒక్కొక్క అక్షరమే చదివింది. "జీ, ఏ, ఎమ్, ఈ. గేమ్. ఓ, వీ, ఈ, ఆర్. ఓవర్." అద్దాలు పైకి తోసుకుంది. "ఆట అయిపోయిందని రాశాడు. అంతే. రాజేడీ మరి?"

కెప్టెన్ చెవులు చిగుళ్ల రంగుకి తిరిగాయి. నిజానికి ఆ ముక్క అతనికి కాలేజీలో చేరాక ఎప్పుడో తెలిసింది. కానీ అప్పటికే ఆ కథ చాలామందికి చెప్పేశాడు. బిరుదు కూడా స్థిరపడిపోయింది. ఒక ఇంగ్లీషు ముక్క కోసం ఒక రాజ్యాన్ని వదులుకోలేకపోయాడు.

అత్తగారు కూతురి వైపు చూసింది. "ఏమ్మాయ్, ఈయన పారిపోయాడని ఫెప్పిన రాజు ఇదేనా?"

కెప్టెన్ కూడా భార్య వైపే చూశాడు. ఆవిడ నోట్లోంచి రాబోయేది తన బతుకులో మిగిలిన ఏళ్లన్నిటికీ సరిపడా వస్తుందని అతనికి తెలుసు.

ఆవిడ చెవి మీద పెన్సిలు సర్దుకుంది.

"కాదులే అమ్మా," అంది. "ఆ రాజు కోట లోపలుంటాడు. నువ్వింకా లోపలికి వెళ్లలేదుగా."

"అదా ఫంగతి," అంది అత్తగారు. నమ్మిందో లేదో తెలీదు. టెలిఫోన్ ఆపరేటర్లు విన్నవన్నీ విన్నట్టు కనబడరు.

కెప్టెన్ ఊపిరి పీల్చుకునేలోగా భార్య పుస్తకం మూసింది. దయ చూపించే సమయం పది ముప్ఫై ఒకటికి ముగిసింది.

"ఇక వినండి. డబ్బా, టీవీ రెండూ అమ్మ గదికి వెళ్తాయి. మీరు ఈ గదిలో కూర్చుంటారు. రేపు సాయంత్రం ఆరింటికి సెట్టు తయారవ్వాలి. ఆరూ ఒకటి కాదు."

"డబ్బా ఎందుకు తీసుకెళ్లడం? శనివారం చెత్తబండిలో వేస్తానన్నావుగా?"

"ఎవరన్నారు?"

"నువ్వే! అటక సర్దానన్నావు, ముందుకొచ్చిందన్నావు, జోలికి వెళ్లద్దన్నావు..."

అని, అక్కడ ఆగిపోయాడు. మొహంలో ఏదో మెల్లిగా వెలిగింది. వెలిగిన చోట తీగ గుచ్చింది భార్య.

"అటక మీద వస్తువు దానంతటది ముందుకి రాదండీ. స్టూలేసుకుని నేనే జరిపాను. అమ్మ వేళ్లు బిగుసుకుపోతున్నాయి, బంతి నచ్చలేదు. వెలిగేది, పలికేది ఏదైనా కావాలి. మిమ్మల్ని బాగుచేసి పెట్టమని అడిగాననుకోండి, అది కొళాయి పక్కన చేరేది. అడిగితే ఏడు నెలలు. వద్దంటే ఆరు గంటలు." పుస్తకం తెరిచి చూసింది. "అయిదు గంటల యాభై రెండు నిమిషాలు. అమ్మే రాసింది."

"ఒక్క పన్ను దగ్గరే లెక్క తప్పాను," అని మాత్రం ఒప్పుకుంది. "అమ్మ పళ్లు కూడా నౌకలో పెట్టేస్తారని నేననుకోలేదు."

ఆ తరవాత ముప్ఫై గంటలూ కెప్టెన్ తలెత్తలేదు. చిగుళ్లు అరగదీశాడు, పళ్లు పొదిగాడు, మెరుగు పెట్టాడు. గోడ అవతల్నించి ఢాం, ఢాం అని వినబడుతుంటే పళ్లు కొరుక్కున్నాడు, సొంతవి. ఎగిరిపడ్డ దవడ పన్నుని నాలుగుసార్లు కడిగి దాని చోట దాన్ని పెట్టాడు. దాని బదులు కర్రకి మీటగా అతని చొక్కా బొత్తామొకటి తెంపి, భార్య అటు పట్టుకెళ్లింది. శనివారం ఆరింటికి అయిదు నిమిషాల ముందు, అత్తగారు సెట్టు నోట్లో పెట్టుకుని, అద్దంలో కాకుండా గాల్లోకి చూస్తూ అంది:

"నంబరు చెప్పండి."

ఇల్లంతా ఒక్కసారి ఎవరో తుడిచి శుభ్రం చేసినట్టయింది. కెప్టెన్ గొంతులోకి చిగుళ్ల పొడి పోయిందని చెప్పి నీళ్లు తాగాడు.

ఆదివారం అత్తగారు సమావేశానికి వెళ్లి, చీకటి పడ్డాక ఆటోలో దిగింది. వెనక బెంచీలో కూర్చున్న ఒకావిడ, ఎప్పుడూ మొహం చూడని వేరే ఊరి ఆపరేటరు, ఈవిడ నోరు తెరవగానే లేచి నిలబడి, "లైన్లో ఉన్నాను," అందట. ఆ ఒక్కటీ చెప్పి, అత్తగారు కాళ్లు కడుక్కుని తన గదిలోకి వెళ్లింది. కాసేపటికి బూర మోగింది.

కెప్టెన్, భార్య వరండా మెట్ల మీద కూర్చున్నారు. స్నానాలగదిలో కొళాయి చుక్కలు కారుతోంది.

"నువ్వెందుకు చెప్పలేదు మీ అమ్మకి?" అన్నాడు చివరికి. "గేమోవరుడంటే ఏంటో నీకు మొన్న తెర మీద తెలిసిపోయిందిగా."

"మొన్నా?" అంది భార్య. "పెళ్లయిన మూడో నెలలో తెలిసింది. మీ తమ్ముడు చెప్పాడు. ఆఖరి నౌక పోతుండగా మీరే గోడ దగ్గరికి పరిగెత్తి ప్లగ్గు పీకేశారట. రాజు పేరు రాకుండా."

కెప్టెన్ మెట్టు మీద ఉన్న చీమని చూశాడు.

"ఎవరికీ చెప్పకుండా ఉండటానికి, మీరు తినకుండా మిగుల్చుకున్న సగం గుడ్డు వాడికిచ్చారట," అంది ఆవిడ.

"వెధవ. గుడ్డు తిని కూడా చెప్పాడు."

"సగమే కదా ఇచ్చింది. సగం రోజులే దాచాడు."

"ఇరవై రెండేళ్లుగా నీకు తెలుసు. ఒక్కసారీ అనలేదే?"

"దగ్గుతూనే ఉన్నాగా," అంది ఆవిడ లేస్తూ. "రండి, గేమోవరుడుగారూ. మా నాన్న వెతికి వెతికి తెచ్చిన వరుడు. తొమ్మిది పది అయింది, పడుకోండి. రేపు పొద్దున కొళాయి జోలికి మాత్రం వెళ్లకండి."

కెప్టెన్ వెంటనే లేవబోయి, ఆ ఆఖరి మాట ఒకసారి మనసులో తిప్పుకుని, ఆగాడు. ఈసారి తెలిసింది. తెలిసినా లాభం లేకపోయింది. వాషరెక్కడుందో అప్పుడే గుర్తొచ్చేసింది.

లోపలికి వెళ్తూ అత్తగారి గది ముందు నిలబడ్డాడు. తలుపు ఓరగా ఉంది. తెర మీద పది పేర్ల జాబితా వెలుగుతోంది. పైనుంచి కిందికి ఆఆఆ, ఆఆఆ, ఆఆఆ. అన్నిటికంటే అడుగున, పదో వరసలో, సి, ఏ, పి. డబ్బాని ఆపి ఆ గదికి మార్చినప్పుడే పాత జాబితా చెరిగిపోయింది. ఆ తరవాత అతను దాన్ని ముట్టుకోనే లేదు.

"అత్తయ్యగారూ," అన్నాడు చిన్నగా. "ఒక్క ఆట..."

ఆవిడ కర్ర పక్కన పెట్టి లేచి వచ్చింది. కొత్త పళ్లు కనబడేలా నవ్వింది. ఒక్క అక్షరం కూడా చెదరని ఆ పాత గొంతుతో అంది:

"ఈ మార్గంలోని లైన్లన్నీ రద్దీగా ఉన్నాయి. దయచేసి కాసేపాగి ప్రయత్నించండి."

చప్పుడు కాకుండా తలుపు మూసేసింది.